నేలమీది ఊరు, నెత్తిమీది దీవి

గాల్లో తేలే యంత్రాలంటే చెవి కోసుకునేవాళ్లకు 2026 ప్రత్యేకమైన సంవత్సరం. జొనాథన్ స్విఫ్ట్ ఎగిరే దీవి లాపుటాను సృష్టించిన ‘గలివర్స్ ట్రావెల్స్’ లండన్‌లో వెలువడి ఈ అక్టోబరు 28కి మూడొందల ఏళ్లు. లోటె రైనిగర్ నల్ల కాగితపు బొమ్మలు కత్తిరించి తీసిన ‘ప్రిన్స్ అఖ్మెద్’ బెర్లిన్‌లో తొలిసారి ప్రదర్శన జరుపుకుని మే 2కి నూరేళ్లు. ఆనాటి నుంచి నేటికి మిగిలిన పూర్తి నిడివి యానిమేషన్ సినిమాల్లో అదే అన్నిటికన్నా పాతది. అందులో రాకుమారుణ్ని మాయగుర్రం ఆకాశంలోకి ఎత్తుకుపోతుంది. ఇక హయావో మియజాకి ‘లాపుటా: క్యాజిల్ ఇన్ ద స్కై’ జపాన్‌లో విడుదలై ఆగస్టు 2కి నలభై ఏళ్లు.

మా మిత్రులు కలిసినప్పుడు మాట యానిమేషన్ మీదికి మళ్లిందంటే ఆ రాత్రి భోజనాలు ఆలస్యమే. ఒకడికి ‘జెట్సన్స్’ ప్రాణం. 1962 సెప్టెంబరులో అమెరికా టీవీలో మొదలైన ఆ కార్టూన్ కథ నూరేళ్ల తర్వాత, 2062లో జరుగుతుంది. ఆ ఇంటాయన ఎగిరే కారులో ఆఫీసుకు వెళ్లి, దిగగానే కారును మడిచి బ్రీఫ్‌కేసు చేసి చేత పట్టుకుంటాడు. “ఇంకా ముప్ఫై ఆరేళ్లు టైముందిరా, వచ్చేస్తుంది చూడు” అంటాడు మావాడు. ఇంకొకడికి ‘బ్యాక్ టు ద ఫ్యూచర్’ రెండో భాగంలోని గులాబీరంగు హోవర్‌బోర్డు. అది బొమ్మల సినిమా కాదురా బాబూ అన్నా వినడు. ఎవరెటు లాగినా నేను మాత్రం చర్చను స్విఫ్ట్ దగ్గరికే తీసుకొస్తాను. గాల్లో తేలేది ఎలా పనిచేస్తుందని అందరూ ఆలోచించారు. దాని కింద బతికేవాళ్లు ఏం చేయాలో ఆయన ఆలోచించాడు.

ఆయనకు ముందు కథలు లేక కాదు. మన రామాయణంలో పుష్పకం కుబేరుడి దగ్గర నుంచి రావణుడికి, రావణుడి తర్వాత రాముడికి చేరింది. పశ్చిమాసియా కథల్లో సొలొమోను రాజు తివాచీ మీద ఎగిరాడు. ఆ తర్వాత శతాబ్దాల తరబడి మనుషులు ఎగరాలని కలగన్నారే తప్ప లెక్క వేసింది తక్కువ. 1670లో ఫ్రాన్సిస్కో లానా అనే ఇటలీ మతగురువు ఆ లెక్క వేశాడు. గాలి తీసేసిన రాగి గోళాలు గాలికన్నా తేలికవుతాయి కాబట్టి వాటికి ఓడను కట్టి పైకి లేపవచ్చన్నాడు. వెంటనే ఆయనకే భయం పట్టుకుంది. పై నుంచి నిప్పు కురిపిస్తే ఏ నగరానికి రక్షణ? అందుకే దేవుడు ఇలాంటి యంత్రాన్ని రానివ్వడని రాసుకున్నాడు. లానా ఈ సమస్యను దేవుడికి వదిలేశాడు. యాభై ఆరేళ్ల తర్వాత స్విఫ్ట్ దాన్ని ఊరి జనానికి అప్పగించాడు.

స్విఫ్ట్ పుస్తకానికి బీజం పడింది కూడా మిత్రుల కబుర్లలోనే. 1714 ప్రాంతంలో లండన్ సెయింట్ జేమ్స్ ప్యాలెస్‌లో, ఆన్ రాణి వైద్యుడు జాన్ ఆర్బత్‌నాట్ గదుల్లో కొందరు చేరేవాళ్లు. అలెగ్జాండర్ పోప్, జాన్ గే, థామస్ పార్నెల్, స్విఫ్ట్ అందులో ఉండేవాళ్లు. పాండిత్యం పేరుతో సాగే మూర్ఖత్వాన్ని ఎండగట్టడానికి మార్టినస్ స్క్రిబ్లెరస్ అనే కల్పిత పండితుణ్ని సృష్టించి, అతని పేరిట రాతలు రాయాలనుకున్నారు. రాణి పోయింది, ప్రభుత్వం మారింది, స్విఫ్ట్ డబ్లిన్‌లో సెయింట్ పాట్రిక్ కెథడ్రల్ డీన్‌గా స్థిరపడ్డాడు. కబుర్లు మాత్రం ఆయన బుర్రలో పండుతూనే ఉన్నాయి.

గలివర్ మూడో ప్రయాణంలో కనిపించే లాపుటా దీవి కొలతలు చూస్తే ఆయన ఎంత శ్రద్ధ పెట్టాడో తెలుస్తుంది. గుండ్రటి దీవి. అడ్డకొలత 7,837 గజాలు, మందం 300 గజాలు, విస్తీర్ణం పదివేల ఎకరాలు. అడుగుభాగం వజ్రమంత గట్టి రాతిపలక. దీవి నడిమధ్యన లోతైన గుహ, అందులో 18 అడుగుల పొడవైన సూదంటురాయి. దాని నడుమ దూర్చిన ఇరుసు మీద అది ఎంత తేలిగ్గా తిరుగుతుందంటే, చేతిలో సత్తువ లేనివాడు కూడా తిప్పగలడు. రాయికి ఒక కొస కింది నేలను ఆకర్షిస్తుంది, రెండో కొస వికర్షిస్తుంది. ఆకర్షించే కొసను కిందికి తిప్పితే దీవి దిగుతుంది, వికర్షించే కొసను తిప్పితే లేస్తుంది, ఏటవాలుగా పెడితే పక్కకు సాగుతుంది. నాలుగు మైళ్లకన్నా ఎత్తు పోలేదు. కింద ఉన్న బాల్నిబార్బి రాజ్యపు సరిహద్దు దాటి ఎంతో దూరం వెళ్లలేదు. ఎందుకంటే ఆ రాయి మీద పనిచేసే ఖనిజం ఆ నేలలోనే ఉంది.

ఈ పరిమితుల్లోనే రాజకీయం దాగుంది. రాజు పైన ఉంటాడు, పన్నులు కట్టేవాళ్లు కింద ఉంటారు. అర్జీలు తీసుకోవడానికి దీవి నుంచి పురికొసలు వదులుతారు. జనం వాటికి కాగితాలు కడితే, పిల్లలు గాలిపటం దారానికి గుచ్చిన కాగితం ముక్కల్లా పైకి పోతాయి. తిండి, ద్రాక్షసారాయి కూడా కింది నుంచి గిలకల మీద పైకే పోతాయి. ఏ ఊరైనా ఎదురు తిరిగితే రాజు దీవిని ఆ ఊరి మీద నిలిపేస్తాడు. ఎండ తగలదు, వాన పడదు. అప్పటికీ లొంగకపోతే రాళ్లు వేయిస్తాడు. చివరి ఆయుధం, దీవినే ఊరి మీద దించేసి అణిచేయడం.

ఈ భాగం రాస్తున్న రోజుల్లో స్విఫ్ట్ నెత్తిన నిజంగానే ఒక రాజ్యం కూర్చుని ఉంది. 1722లో విలియం వుడ్ అనే ఇంగ్లీషు వ్యాపారికి ఐర్లండ్ కోసం రాగినాణేలు కొట్టే హక్కు దక్కింది. ఐర్లండ్ పార్లమెంటును అడిగినవాళ్లు లేరు. 1724లో ఒక బట్టల వర్తకుడి పేరు పెట్టుకుని స్విఫ్ట్ వరసగా ఉత్తరాలు అచ్చువేశాడు. ఆ నాణేలు ముట్టుకోకండి అని జనాన్ని అడిగాడు. జనం ముట్టుకోలేదు. నాలుగో ఉత్తరం రాసినవాణ్ని పట్టిస్తే 300 పౌన్లు బహుమానమని ప్రభుత్వం ప్రకటించింది. రాసింది ఎవరో డబ్లిన్ అంతటికీ తెలుసు. ఒక్కరు నోరు విప్పలేదు. 1725లో వుడ్ హక్కు రద్దయింది.

ఇక లిండలీనో కథ. లాపుటా అధ్యాయంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

లిండలీనో బాల్నిబార్బిలో రెండో పెద్ద నగరం. డబ్లిన్‌కు మారుపేరు. పాలకుల దాష్టీకం మీద ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా ఆలకించేవాడు లేడు. రాజు పర్యటన ముగించుకుని వెళ్లిన మూడో రోజున జనం ఊరి తలుపులు మూసేశారు, గవర్నర్‌ను బంధించారు. ఊరు సరిగ్గా చతురస్రంగా ఉంటుంది. నాలుగు మూలలా నాలుగు గోపురాలు లేపారు. ఊరి నడుమ నిటారుగా ఉన్న రాతిశిఖరం ఎంత ఎత్తో అవీ అంత ఎత్తు. ప్రతి గోపురం మీదా, శిఖరం మీదా ఒక్కొక్క పెద్ద సూదంటురాయిని బిగించారు. ఆ ఎత్తు పారకపోతే దీవి అడుగును పగలగొట్టడానికి బోలెడంత వంటచెరకు, మండే సరుకు కూడా పోగేశారు.

రాజుకు పూర్తి వార్త చేరేసరికి ఎనిమిది నెలలు గడిచాయి. దీవి ఊరి మీదికి వచ్చి కొన్నాళ్లపాటు నిలిచింది. ఊళ్లో తిండిగింజలు నిల్వ ఉన్నాయి, నడుమ నది పారుతోంది. పురికొసలు దిగాయి. ఒక్క అర్జీ కట్టలేదు! బదులుగా డిమాండ్లు పంపారు: బాధలన్నీ తీర్చాలి, మా గవర్నర్‌ను మేమే ఎన్నుకుంటాం. రాళ్లు పడ్డాయి. జనం అప్పటికే గోపురాల్లో, నేలమాళిగల్లో తలదాచుకున్నారు. చివరికి గోపురాలకు నలభై గజాల ఎత్తు వరకు మెల్లగా దించమని రాజు ఆజ్ఞ ఇచ్చాడు.

దించుతుంటే దీవి మాట వినడం మానేసింది. మామూలుకన్నా వేగంగా దిగిపోతోంది. సూదంటురాయిని ఎటు తిప్పినా నిలవడం కష్టమైపోయింది. హడలిపోయి మళ్లీ పైకి లేపారు. అప్పుడు అనుభవజ్ఞుడైన ఒక ముసలి అధికారి వంద గజాల తాడు తెప్పించి, కొసన దీవి అడుగు రాయిలాంటి ముక్కనొకటి కట్టి గోపురం మీదికి వదిలాడు. నాలుగు గజాలైనా దిగకముందే కింది నుంచి ఎవరో లాగుతున్నట్టు తాడు బిగిసింది. వెనక్కి లాక్కోవడానికి ఆయన బలమంతా పెట్టాల్సొచ్చింది. మిగిలిన గోపురాల మీదా అదే ఫలితం. సంగతి రాజుకు అర్థమైంది. ఊరివాళ్ల షరతులన్నీ ఒప్పుకున్నాడు. దీవి ఇంకొంచెం దిగి ఉంటే దాన్ని శాశ్వతంగా అక్కడే బిగించి, రాజును చంపి, ప్రభుత్వాన్నే మార్చేయాలని జనం నిశ్చయించుకున్నారట.

ఈ కథ 1726 నాటి అచ్చులో లేదు. 1735లో డబ్లిన్‌లో ఫాల్క్‌నర్ వేసిన సంపుటిలోనూ లేదు. రాజద్రోహం కేసు ఏ ప్రచురణకర్తకైనా భయమే. స్విఫ్ట్ మిత్రుడు చార్లెస్ ఫోర్డ్ తన సొంత ప్రతిలో చేతిరాతతో దీన్ని చేర్చి ఉంచాడు కాబట్టి మిగిలింది. తొలిసారి అచ్చయింది 1899లో, రాసిన నూట డెబ్భై ఏళ్లు దాటాక. ఒక మిత్రుడి శ్రద్ధకు ఇంతకన్నా గొప్ప ఫలం నాకు తోచదు.

బొమ్మల సినిమా గలివర్‌ను త్వరగానే అందుకుంది కానీ పొట్టివాళ్ల దేశం దగ్గరే ఆగిపోయింది. 1939లో ఫ్లైషర్ స్టూడియో తీసిన పూర్తి నిడివి సినిమా లిల్లిపుట్ కథే. 1965లో జపాన్‌లో తోయె సంస్థ గలివర్‌ను అంతరిక్షంలోకి పంపింది. ఆ సినిమాకు కింది మెట్టు ఉద్యోగిగా బొమ్మలు గీస్తున్న ఇరవై నాలుగేళ్ల మియజాకి, ముగింపు మార్చమని సూచించి ఒప్పించాడు. తోయె కార్మిక సంఘంలో అతనికి దొరికిన స్నేహితుడు ఇసావొ తకహత. 1985లో స్టూడియో జిబ్లి ఏర్పడింది. ఆ పేరు మీద వచ్చిన మొదటి సినిమా ‘లాపుటా’కు తకహతే నిర్మాత.

సినిమాకు ముందు మియజాకి బ్రిటన్‌లోని వేల్స్ గనుల ప్రాంతానికి వెళ్లాడు. 1984-85 సమ్మెలో బొగ్గుగని కార్మికులు పోరాడిన తీరు అతని మనసుకు హత్తుకుంది. సినిమాలో పాజు అనే కుర్రాడు ఉండే గనుల పల్లె అక్కడి నుంచి వచ్చిందే. ఆకాశం నుంచి షీటా అనే అమ్మాయి మెల్లగా దిగుతుంటే మెడలోని నీలిరాయి వెలుగుతూ ఉంటుంది. పాజు చేతులు చాచి అందుకుంటాడు. రాయి వెలుగు ఆరిపోగానే ఆ పిల్ల బరువంతా ఒక్కసారిగా వాడి చేతుల మీద పడుతుంది. తేలడమంటే ఏమిటో ఆ ఒక్క క్షణం చెప్పినంతగా ఏ సైన్సు పాఠమూ చెప్పలేదనిపిస్తుంది. దీవి మీద నాచు పట్టిన రోబో ఒకటి పాజు గ్లైడర్‌ను పక్కకు ఎత్తిపెడుతుంది. దాని కింద పిట్టగూడు ఉంది, అందుకు. అదే దీవి అడుగున నగరాలను బూడిద చేసే ఆయుధం ఉంది. విలన్ ముస్కా దాన్ని చూపిస్తూ రామాయణంలోని ఇంద్రుడి బాణం ఇదేనంటాడు. దీవిని కిందికి తెచ్చి పాలించడం కాదు, ఆ ఆయుధాన్ని ఎవరికీ దక్కకుండా చేయడమే పిల్లలిద్దరూ ఎంచుకున్న దారి. లిండలీనో వాళ్లు చూసి ఉంటే మెచ్చుకునేవాళ్లు.

సైన్సు సంగతికొస్తే స్విఫ్ట్ రాయి నిలవదు. ఉత్త శాశ్వత అయస్కాంతాలతో ఒక వస్తువును గాల్లో స్థిరంగా నిలపడం కుదరదని 1842లో శామ్యూల్ ఎర్న్‌షా నిరూపించాడు. దాన్ని దాటడానికి మనిషి పక్కదారులు వెతికాడు. క్రిస్టఫర్ కాకరెల్ కాఫీడబ్బాలో పిల్లి తిండి డబ్బా పెట్టి, నడుమ సందులోంచి గాలి కొట్టి, వంటింటి త్రాసు మీద ఒత్తిడి కొలిచాడు. ఆ డబ్బాల నుంచి పుట్టిన హోవర్‌క్రాఫ్ట్ 1959 జులై 25న ఇంగ్లిష్ చానల్ దాటింది. బ్లేరియో విమానంలో దాటి సరిగ్గా యాభై ఏళ్లయిన రోజు అది. 1986లో, అంటే మియజాకి సినిమా వచ్చిన ఏడే, బెడ్‌నోర్జ్, ముల్లర్ అయస్కాంతాన్ని గాల్లో తేల్చగల అధిక ఉష్ణోగ్రత సూపర్‌కండక్టర్లను కనుగొన్నారు. 1997లో ఆంద్రె గైమ్ బృందం 16 టెస్లాల అయస్కాంత క్షేత్రంలో బతికున్న కప్పను గాల్లో తేల్చింది. 2015 ఏప్రిల్ 21న అయస్కాంతాలతో తేలే జపాన్ మాగ్లెవ్ రైలు గంటకు 603 కిలోమీటర్ల వేగం అందుకుంది.

మిగతాచోట్ల మాత్రం వరస తప్పింది. హోవర్‌బోర్డు పేరుతో బజారులోకి వచ్చినవాటికి చక్రాలున్నాయి. చానల్ మీద తిరిగిన పెద్ద హోవర్‌క్రాఫ్ట్‌లు 2000లో ఆగిపోయాయి. ఎగిరే టాక్సీలు ప్రదర్శనల్లో ఎగురుతున్నాయి, టికెట్టు కొని ఎక్కడం మాత్రం మనకింకా కాలేదు. ఎవరూ పెద్దగా కలగనని చిన్న డ్రోన్ మాత్రం అన్నిటినీ దాటి వచ్చేసింది. 2021 సెప్టెంబరులో వికారాబాద్‌లో మందుల పెట్టెలు మోసింది. యుక్రెయిన్‌లో ఇళ్ల మీద బాంబులు వేస్తోంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, పడవ వెళ్లలేని సందుల్లో మేడల మీద నిలబడ్డవాళ్లకు అన్నం పొట్లాలు, మంచినీళ్లు దించింది. లాపుటా తిండిని పైకి లాక్కునేది. ఇక్కడ తిండి కిందికి వచ్చింది. మా చర్చల్లో జెట్సన్స్ అభిమాని కూడా ఈ ఒక్కదాని దగ్గర వాదన ఆపేస్తాడు.

చిన్నప్పుడు మనలో ఎక్కువమంది చదివింది లిల్లిపుట్ల కథే. ఈ మూడొందల ఏళ్ల సందర్భంగా గలివర్‌ను పూర్తిగా చదవండి. పుస్తకం కొనేముందు మూడో భాగం మూడో అధ్యాయం చివరకు తిప్పి, లిండలీనో పేరు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఆ ప్రతి వద్దు, ఉన్న ప్రతే అడిగి తెప్పించుకోండి.