గురువు లేని వాద్యము: కోసిగిలో బ్యాంజో నేర్చిన వృత్తాంతము

సంఘ చరిత్ర వ్రాయువారు సాధారణముగా దేవాలయ నిర్మాణమును గూర్చియు, కాపరులను గూర్చియు వ్రాయుదురు. ఈ శతవార్షిక సంచికలో మేము ఒక చిన్న చెక్కపెట్టెను గూర్చి వ్రాయదలచితిమి. అదే బ్యాంజో.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. మనము బ్యాంజో అని పిలుచు వాద్యము, అమెరికా దేశపు బ్యాంజో ఒకటి కావు. అమెరికా బ్యాంజో పుట్టుకకు మూలము బానిసలుగా కొనిపోబడిన ఆఫ్రికా ప్రజలు. వారు సొరకాయ బుర్రకు తోలు బిగించి, కర్ర తగిలించి, తంతులు కట్టి వాయించుకొన్నారు. జమైకా ద్వీపమును 1687లో దర్శించిన హాన్స్ స్లోన్ అను వైద్యుడు అట్టి వాద్యములను చూచి, 1707లో అచ్చయిన తన గ్రంథములో వర్ణించెను.

మన బ్యాంజో జపాను నుండి వచ్చినది. నగోయా నగరవాసియైన గోరో మొరితా 1912లో టైపురైటరు మీటల పద్ధతిని తంతివాద్యమునకు జతపరచి ‘తైషోగోతో’ను తయారుచేసెను. అది మన దేశమునకు వచ్చి ఉత్తరాదిని ‘బుల్‌బుల్ తరంగ్’ అనియు, జనుల నోట బ్యాంజో అనియు పేరుపొందినది. ఎడమచేతితో మీట నొక్కినయెడల తంతి పొడవు తగ్గి స్వరము హెచ్చును; కుడిచేతి బిళ్ళతో తంతిని మీటవలెను. ప్రక్క తంతులు శ్రుతిగా మ్రోగుచుండును. వాద్యములో కష్టమైన భాగమంతయు మీటలే చేసిపెట్టును గనుక గురువు లేనివారు కూడ దీనిని ధైర్యముగా పట్టుకొన్నారు.

ఇక మన కోసిగి సంగతి. మదరాసు నుండి బొంబాయికి పోవు రైలుమార్గము మన ఊరి మీదుగానే పోవును. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని తాలూకాతోపాటు మన ప్రాంతము బళ్ళారి జిల్లాను విడిచి ఆంధ్రలో చేరినది. జిల్లా మారినను వాన మారలేదు. పైరు ఎండిన ఏట మనవారు సుగ్గికి పోవుట తప్పలేదు. అట్లు బొంబాయికి కూలికి పోయిన మా బంధువొకరు తిరిగివచ్చునప్పుడు మూటలో బ్యాంజో తెచ్చిరి. మాకు లభించిన మొదటి వాద్యము అదే.

వీణగాని వయొలినుగాని గురుముఖమున నేర్చుకొనుటకు మా తండ్రులకు వీలులేకపోయెను. పేదరికము ఒక అడ్డు, కులము మరియొక అడ్డు. అందువలన ఈ పెట్టె దొరికినప్పుడు, ఇక ఎవరి గుమ్మము ముందును నిలువనక్కరలేదని సంతోషించితిమి. మీటలపై సుద్దతో స రి గ మ వ్రాసికొని, పాత క్యాలెండరు వెనుక కీర్తనల స్వరములు గుర్తించుకొని, నెలరోజులలోనే ఆదివారపు ఆరాధనలో వాయించుటకు కూర్చుంటిమి.

ఆ దినము మేము మరువలేము. మేము ఒక త్రోవను, సంఘము ఒక త్రోవను పోయితిమి. రెండవ చరణమునకు పాట ఆగిపోయెను. ఆరాధన ముగిసిన పిమ్మట ఒక అవ్వ మా ప్రక్కన కూర్చుండి, “అబ్బీ, నీ పెట్టె ముందర పోతాంది, మా పాట ఎనకపడతాంది. పాట ఇనుకోని వాయించు నాయనా” అనెను.

మా తప్పు అప్పుడు తెలిసినది. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలగువారి కీర్తనలు రాగతాళములలో కట్టబడినవి. అందు స్వరము ఒకదానినుండి మరియొకదానికి జారును, ఊగును. మీట నొక్కిన స్వరమైతే ఉన్నచోటనే నిలుచును. దానిని ఊపుట కష్టము. అక్షరము వ్రాయుట నేర్చిన బాలుడు పద్యము చదివినట్లుండెను మా వాయింపు.

అటు తరువాత పద్ధతి మార్చితిమి. సాయంకాలము అవ్వల యొద్ద కూర్చుండి, వారు పాడగా విని, మేమును పాడి, కంఠమునకు వచ్చిన పిమ్మటనే మీటలు వెదకితిమి. కంఠము జారుచోట వాద్యమును తగ్గించితిమి. తాళము తప్పినప్పుడు డప్పు ఎరిగిన పెద్దలు మోకాలిపై చరచి దారి చూపిరి. తరతరములుగా చిన్నచూపు చూడబడిన ఆ డప్పు చేతులే మాకు లయ నేర్పినవి. ఎండకు తంతులు సడలినప్పుడు శ్రుతి చూచుటయు వారి చెవివలననే నేర్చితిమి.

గురువు లేని వాద్యమని మేము దానిని పట్టుకొంటిమి. తీరా చూచితే గురువులు మన సంఘములోనే చాపలమీద కూర్చుండిరి. వారికి చదువు లేకపోవుటచేత వారిని గురువులని ఎవరును పిలువలేదు, మేమును పిలువలేదు. ఆ కొరతను ఈ సంచికలోనైనను తీర్చవలెనని మా కోరిక.

ఆ అవ్వలలో అనేకులు ఇప్పుడు లేరు. వారి వరుసలు కొన్ని వారితోనే పోయినవి. నేటి యువజనుల చేతులలో కీబోర్డులున్నవి, పాటను భద్రపరచు ఫోనులున్నవి. వాద్యము ఏదైనను నేర్చుకొనుడి, స్వయముగానే నేర్చుకొనుడి. అయితే మొదటి మీట నొక్కకమునుపు మీ యింటి అవ్వ చేత ఒక కీర్తన పాడించుకొని వినుడి. పెట్టె అంగడిలో దొరకును. ఆ వరుస దొరకదు.