పెంట చుట్టూ పాదులు

మైదానం ఊళ్లలో పెంట అంటే ఎరువుదిబ్బ. నల్లమలలో మా చెంచులకు పెంట అంటే ఊరు. మార్కాపురం సంతలో ఈ మాట విని నవ్వినవాళ్లను చూశాను. నవ్వుకోనీ. గుడిసె వెనక పోసిన బూడిద, పేడ, కుళ్లిన ఆకు మీద సొరగింజ పడితే దానంతటదే మొలిచి పైకప్పు ఎక్కుతుంది. ఆ మాటకున్న రెండు అర్థాలూ అక్కడ కలుస్తాయి.

చెంచులు ఏరుకుని తింటారు, వేటాడతారు, విత్తనం ఎరగరు అని రాస్తుంటారు. 1940లో హైమెండార్ఫ్ దొర కృష్ణకు అవతల, నిజాం రాజ్యంలో ఉన్న అమ్రాబాదు చెంచుల మధ్య తిరిగి 1943లో పుస్తకం వేశారు. దుంపలు తవ్వే కర్ర గురించి, అడవి తిండి గురించి శ్రద్ధగానే రాశారు. తర్వాత వచ్చినవాళ్లు దాన్నే తిప్పి తిప్పి రాసి మమ్మల్ని ఆ కర్ర దగ్గరే నిలబెట్టారు.

కృష్ణకు ఇవతల మా సంగతి వేరు. మార్కాపురం, గిద్దలూరు, కంభం అప్పట్లో మద్రాసు రాజధానిలోని కర్నూలు జిల్లావి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చినప్పుడు అందులో కలిశాయి. 1882 మద్రాసు అటవీ చట్టం కింద రిజర్వు చేసిన అడవిలో అనుమతి లేకుండా చెట్టు నరికినా, నేల చదును చేసి సాగు చేసినా నేరమే. ఇక మిగిలింది గుడిసె చుట్టూ నాలుగడుగుల నేల. మా వాళ్లు విత్తనం ఎరగక కాదు, విత్తే చోటు లేక ఆగిపోయారు.

ఆ నాలుగడుగుల్లోనే మా అవ్వ తొలకరికి సొర, బీర, చిక్కుడు, గుమ్మడి పెట్టేది. కంచె మీద కాకర, పక్కన గోంగూర, రెండు మిరప మొక్కలు, వాకిట్లో బంతి. మంచి కాయను కోయనిచ్చేది కాదు, అది విత్తనానికి. గింజలను బూడిదలో కలిపి ఎండు సొరబుర్రలో దాచేది. నీళ్లు వాగు చెలమ నుంచి కడవతో మోసుకురావాలి కాబట్టి గిన్నెలు కడిగిన నీళ్లు కూడా పాదుకే. అడవిలో దుంప తవ్వినా తీగ తల మళ్లీ గుంతలో పెట్టి మన్ను కప్పేది. దాన్ని సేద్యం అనరట. మరేమంటారో.

పట్నం ఇళ్లలో ఇప్పుడు స్నేక్ ప్లాంట్ కొని కుండీలో పెడుతున్నారు, వారాల తరబడి నీళ్లు పోయకపోయినా బతుకుతుందని. మన ఎండునేలల్లో పెరిగే చాగ దాని చుట్టమే. దాని నారతో తాళ్లు పేనేవారు, వింటికి కూడా కట్టేవారు.

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి భూమి మన అనుభవంలో ఉండాలి. ఇల్లు, గట్లు, చదును చేసిన నేల సాక్ష్యంగా చూపొచ్చు. పెద్దల వాంగ్మూలం రాసి ఇచ్చినా చెల్లుతుంది. మా గూడేనికి కొలతలకు వచ్చినవాళ్లు పంట ఏదీ అని అడిగారు. అవ్వ తన చేత్తో పెట్టిన చింతచెట్టు, కంచె మీద పాదులు చూపించింది. కాగితం మీద ‘సాగు లేదు’ అని రాసుకుని వెళ్లారు. అందుకే ఇప్పుడు ఏ ఇంటి దొడ్లో ఏ చెట్టు ఎవరు పెట్టారో, ఏ కాలంలో పెట్టారో పెద్దలను అడిగి నోటుబుక్కులో రాస్తున్నాం. పదకొండు ఇళ్లవి అయ్యాయి.