యూదు మాదిగ విద్యార్థికి రక్షణ ఏ చట్టంలో?

విజయనగరంలో క్యాంపస్ వివక్ష గురించి మాట్లాడుకునేటప్పుడు అమెరికాలోని యూదు విద్యార్థుల ప్రస్తావన వస్తే, మనకు సంబంధం లేని విషయమనిపిస్తుంది. కానీ తెలుగు నేలపైనా యూదులున్నారు. వాళ్ళు మాదిగలు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము సమాజం 1991లో సినగాగు పెట్టుకుంది.

అమెరికాలో 1964 పౌరహక్కుల చట్టం ఆరో అధ్యాయం, ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో జాతి, రంగు, జాతీయ మూలం పేరిట వివక్షను నిషేధించింది. అందులో మతం లేదు. ఉమ్మడి పూర్వీకులు, వంశ మూలాల కారణంగా యూదు, సిక్కు, ముస్లిం విద్యార్థులను వేధించినా ఈ చట్టం వర్తిస్తుందని అక్కడి విద్యాశాఖ 2004లో చెప్పింది, 2010లో మళ్ళీ వివరించింది. ఇజ్రాయెల్‌పై విమర్శను కూడా వివక్షగా లెక్కించాలా అనే తగవు 2023 అక్టోబరు తర్వాత ముదిరింది. ప్రభుత్వాన్ని విమర్శించడం వేరు, పుట్టుకను బట్టి తోటి విద్యార్థిని వెలివేయడం వేరని మేం అనుకుంటున్నాం.

ఒకప్పుడు అక్కడి పేరున్న విశ్వవిద్యాలయాలు యూదులకు సీట్లు తగ్గించడానికి కోటాలు పెట్టాయి (మన దగ్గర కోటా గేటు తెరవడానికి, అక్కడ మూయడానికి). ఆ అనుభవంతో 1948లో యూదులు స్థాపించిన బ్రాండైస్ విశ్వవిద్యాలయమే 2019లో తన వివక్ష వ్యతిరేక నిబంధనల్లో కులాన్ని చేర్చింది.

మన దగ్గర చిక్కు వేరు. చట్టంలో కులం ఉంది, కానీ దానికి మతం షరతు పెట్టారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మొదట హిందువులనే ఎస్సీలుగా గుర్తించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులైన ఎస్సీలు ఆంధ్రలో బీసీ-సి. యూదుమతమని రాసుకున్న మాదిగకు ఈ రెండింటిలోనూ చోటు లేదు. హాస్టల్లో అతన్ని కులం పేరుతో తిడితే 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నిలవడం కష్టం. క్రైస్తవం తీసుకున్న వ్యక్తికి ఆ చట్టం వర్తించదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో చెప్పింది. తిట్టేవాడు మాత్రం సర్టిఫికెట్ అడిగి తిట్టడు. 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాక కూడా, జరిగిన వివక్ష కంటే ఆయన కుల సర్టిఫికెట్ మీదే ఎక్కువ రభస నడిచింది.

అందుకే యూజీసీ 2012 నిబంధనలు తెలిసుండాలి. కులంతో పాటు మతం, జాతి పేరిట వివక్షకూ అవి వర్తిస్తాయి. ప్రతి విద్యాసంస్థలో సమాన అవకాశాల విభాగం, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలి. ఎచ్చెర్ల అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలో చదివే రెల్లి క్రైస్తవ విద్యార్థి అయినా, కొత్తరెడ్డిపాలెం యూదు విద్యార్థి అయినా, ఫిర్యాదులో కులం, మతం రెండూ రాయాలి. ఎవరు, ఎప్పుడు, ఏ మాట అన్నారో, ఎవరు విన్నారో రాయాలి. ఎస్సీ సర్టిఫికెట్ లేదని ఫిర్యాదు తీసుకోకపోతే, ఆ కారణాన్నే కాగితం మీద రాసిమ్మని అడగాలి.