ఓడినవాడి పేరుతో ఎవరికి పని?

తొలకరి పడిందంటే చాలు, వజ్రకరూరు చుట్టుపక్కల చేలల్లో జనం నడుం వంచి నడుస్తుంటారు. విత్తనం వెయ్యడానికి అనుకునేరు, వజ్రాలు ఏరడానికి. వాననీళ్ళకి పైమట్టి కొట్టుకుపోయి రాళ్ళు బయటపడతాయి, వాటిల్లో ఒక్కటి మెరిసినా బతుకు మారిపోతుందని ఆశ. అటు కర్నూలు జిల్లాలో తుగ్గలి, జొన్నగిరి దాకా ఇదే తంతు. ఎవరికో ఒకరికి దొరుకుతుంది కూడా. మర్నాడు పేపర్లో వస్తుంది. పొద్దున్నించీ వెతికి ఉత్తచేతుల్తో బస్సెక్కినవాళ్ళ గురించి మాత్రం ఒక్క ముక్క ఉండదు. ఆ మాటకొస్తే, 19వ శతాబ్దం చివర్లో ఒక ఇంగ్లీషు కంపెనీ కూడా ఇక్కడి నేల దక్షిణాఫ్రికా కింబర్లీ లాగే ఉందని తవ్వి చూసింది. అనుకున్నది దొరక్క సర్దుకుని వెళ్ళిపోయింది. దాని కథ ఎవరు చెప్పుకుంటారు?

చరిత్ర కూడా ఇంతేనని అంటుంటారు. "చరిత్ర రాసేది గెలిచినవాళ్ళే" అన్న డైలాగు ఇంజనీరింగ్ హాస్టల్ రోజుల నుంచీ వింటున్నదే. నా మటుకు నాకు అది సగమే నిజం అనిపిస్తుంది. ఎందుకంటే ఓడినవాళ్ళలో కొందరు వీరులైపోయారు, కొందరు మూర్ఖులైపోయారు, కొందరు అసలు లేకుండానే పోయారు. ఓటమి ఒకటే, ఫలితాలు మాత్రం మూడు రకాలు. తేడా ఎక్కడొచ్చింది? మా అనంతపురం వైపు నుంచే మొదలుపెట్టి చూద్దాం.

వజ్రకరూరుకి దగ్గర్లోనే గుత్తి కోట ఉంది. 18వ శతాబ్దం మధ్యలో అది మురారి రావు ఘోర్పడే అనే మరాఠా సర్దారుది. ఆ కాలంలో దక్షిణాదిలో ఏ యుద్ధం జరిగినా రెండు పక్షాలూ ఇతని గుర్రపుదళం కోసం బేరాలాడేవి. 1751లో క్లైవ్ ఆర్కాటు కోటలో చిక్కుకుపోయినప్పుడు సాయానికి కదిలిన మరాఠా దళం ఇతనిదే. అలాంటివాడు 1776లో హైదరలీ చేతిలో గుత్తిని పోగొట్టుకున్నాడు. దేనివల్ల? నీళ్ళ వల్ల!

విల్క్స్ దొర తన మైసూరు చరిత్రలో రాసిన కథ ఇది. ముట్టడి సాగుతుంటే రాజీ కుదిరింది. మురారి రావు కొంత సొమ్ము చెల్లించి, మిగతాదానికి పూచీగా ఒక యువకుణ్ణి హైదరు శిబిరానికి పంపాడు. భోజనాల దగ్గర మాటల్లో పెట్టి కూపీ లాగితే ఆ కుర్రాడు నోరు జారాడు. కోటలో ఇంక మూడు రోజులకే నీళ్ళున్నాయని, అందుకే రాజీకి ఒప్పుకున్నారని. ఇంకేముంది, ఏదో వంక పెట్టి హైదరు మళ్ళీ ముట్టడించాడు. మురారి రావు లొంగిపోయి, మైసూరు సీమలో కబ్బాళదుర్గం కొండమీద బందీగా చచ్చిపోయాడు.

పాతికేళ్ళు గడిచాయి. 1800లో నిజాం ఈ సీమనంతా కంపెనీకి దత్తం చేస్తే థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చాడు, 1807 దాకా ఉన్నాడు. తర్వాత మద్రాసు గవర్నరయ్యి, 1827లో ఈ జిల్లాలకే పర్యటనకొచ్చి పత్తికొండలో కలరాతో పోయాడు. మొదట పాతిపెట్టింది గుత్తిలోనే. పిల్లలకి మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారు మా సీమవాళ్ళు. మంత్రాలయం వెళ్ళినవాళ్ళకి రాఘవేంద్రస్వామి మన్రోతో మాట్లాడిన కథ తెలిసే ఉంటుంది. చెన్నైలో ఉద్యోగాలు చేసినవాళ్ళు ఐలాండ్ గ్రౌండ్స్ దగ్గర గుర్రమ్మీది మన్రో విగ్రహం చూసే ఉంటారు. మురారి రావు పేరు ఎంతమంది విన్నారు చెప్పండి? ఓడినవాడి పేరు ఊరికే మాసిపోవడం అంటే ఇదీ.

ఇక రెండో రకం. ఓడినందుకు మూర్ఖుడిగా మిగిలిపోయినవాడు. అళియ రామరాయలు.

ప్రొడక్షన్ సర్వర్ పడిపోయిన రాత్రి మనవాళ్ళు మొట్టమొదట అడిగే ప్రశ్న గుర్తుందిగా? "చివరి చెకిన్ ఎవరిది?" పదేళ్ళ నుంచి కుళ్ళుతున్న కోడు, ఎవడూ రాయని టెస్టులు, మేనేజరు పీకేసిన బ్యాకప్ మెషీను, ఇవేవీ లెక్కలోకి రావు. చివర్న చెయ్యి పెట్టినవాడే దోషి. రూట్ కాజ్ రిపోర్టులో వాడి పేరే. విజయనగరానికి ఆ చివరి చెకిన్ రామరాయలు.

1565 జనవరి 23. బిజాపురం, అహ్మద్‌నగరం, గోల్కొండ, బీదరు సుల్తానులు కలిసి కృష్ణ దాటి వచ్చారు. మనం తళ్ళికోట యుద్ధం అంటాం. రామరాయలు అప్పటికే డెబ్భై దాటిన ముసలాయన. అహ్మద్‌నగరం ఫిరంగుల్లో రాగి నాణేలు కూరి దగ్గర్నుంచి పేల్చారని ఫెరిష్తా రాశాడు. రామరాయలు పట్టుబడ్డాడు, తల తెగింది, సైన్యం చెదిరిపోయింది. తర్వాత హంపి ఏమైందో అక్కడికెళ్ళి చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

మరి ఎందుకు ఓడిపోయాడు? బళ్ళో మనకి చెప్పినవి రెండే కారణాలు. ఒకటి, పొగరు. సుల్తానుల్ని అవమానించాడు, అందుకే వాళ్ళంతా ఏకమయ్యారు. ఇది ముఖ్యంగా ఫెరిష్తా మాట. ఆయన బిజాపురం కొలువులో ఉండి రాసినవాడు, అంటే గెలిచిన పక్షం మనిషి. రెండోది, ద్రోహం. రామరాయల కొలువులోని ఇద్దరు ముస్లిం సేనానులు యుద్ధం మధ్యలో ఫిరాయించారని. ఇది 1567లో విజయనగరంలో కొన్ని నెలలున్న వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ రాసింది. ఓడిన ఊళ్ళో విని రాశాడన్నమాట. గమనించారా? "వాడికి తగిన శాస్తి జరిగింది" అన్నది గెలిచినవాళ్ళకి కావల్సిన కారణం. "మేం ఓడలేదు, మోసపోయాం" అన్నది ఓడినవాళ్ళకి కావల్సిన కారణం. ఎవరికి కావల్సింది వాళ్ళు ఏరుకున్నారు.

ఇప్పుడు ఇంకొంచెం వెనక్కెళ్దాం. 1520లో కృష్ణదేవరాయలు రాయచూరు దగ్గర బిజాపురం సుల్తానుని ఓడించాడు. సంధికి ఆయన పెట్టిన షరతు ఏంటో తెలుసా? సుల్తాను వచ్చి తన కాలు ముద్దు పెట్టుకోవాలని! పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాశాడిది. సుల్తాను రాకపోయేసరికి రాయలు సైన్యంతో బిజాపురం మీదికే వెళ్ళాడు. రామరాయల గురించి ఫెరిష్తా రాసినవాటిలో ఒకటి, ఆయన చెయ్యి తగిలిందని అహ్మద్‌నగరం నిజాం షా చేతులు కడుక్కుంటే, ఆయన కూడా నీళ్ళు తెప్పించుకుని కడుక్కోవడం. చెయ్యి కడుక్కోవడం ఎక్కువ అవమానమా, కాలు ముద్దు పెట్టుకోమనడం ఎక్కువ అవమానమా? అయినా అది రాయలవారి ప్రతాపం అయింది, ఇది రామరాయల అహంకారం అయింది. మధ్యలో మారింది గుణం కాదండీ, స్కోరు.

నా బాధంతా ఏంటంటే, ఈ "పొగరు" అన్న ఒక్క మాటతో అసలు నేర్చుకోవాల్సింది కనపడకుండా పోతుంది. రామరాయలు 1540ల నుంచి దాదాపు ఇరవై ఏళ్ళు సదాశివరాయల్ని సింహాసనమ్మీద కూర్చోబెట్టి రాజ్యం తనే నడిపాడు. సుల్తానుల్లో ఒకరికి సాయం చేసి ఇంకొకరిని కొట్టడం ఆయన విధానం. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా, అదే మన తెలుగు కవులు ముచ్చటగా మల్కిభరాముడని పిల్చుకున్నాయన, రాజు కాకముందు ఏడేళ్ళు విజయనగరంలోనే తలదాచుకున్నాడు. బిజాపురం అలీ ఆదిల్ షా స్వయంగా విజయనగరం వస్తే రామరాయల భార్య అతన్ని కొడుకుగా చేసుకుందని ఫెరిష్తానే రాశాడు. 1565లో ఎదురుగా నిలబడింది ఈ ఇద్దరూనూ! అంటే డిజైన్ పనిచేసినన్నాళ్ళూ బ్రహ్మాండంగా పనిచేసింది. "వీళ్ళంతా ఒకే రోజు కలిస్తే?" అన్న కేసు మాత్రం ఎవరూ ఆలోచించలేదు. పైగా ఆ ముసలాయన పడితే సైన్యం మొత్తం పడిపోయేలా కట్టుకున్నారు. మన భాషలో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. హిందూ-ముస్లిం లెక్కల్లోనో, ఒక మనిషి పొగరులోనో ఇరికిస్తే ఈ కథలో మిగిలేది తిట్టు ఒక్కటే, పాఠం ఉండదు.

సరే, ఓడినవాళ్ళంతా తిట్లే తిన్నారా అంటే అదీ లేదు. కాకతీయ ప్రతాపరుద్రుణ్ణి చూడండి. 1310లో మాలిక్ కాఫూర్‌కి లొంగి ఏనుగులూ ధనమూ ఇచ్చుకున్నాడు. 1318లో మళ్ళీ ఢిల్లీ సైన్యం వస్తే మళ్ళీ కప్పం. 1323లో ఓరుగల్లే పోయింది, తను బందీగా ఢిల్లీకి తీసుకెళ్తుంటే నర్మద ఒడ్డున చనిపోయాడు. లెక్కప్రకారం చూస్తే రామరాయల కంటే ఎక్కువే ఓడిపోయాడు. రామరాయల తర్వాత రాజ్యం కొంతైనా మిగిలింది, ప్రతాపరుద్రుడితో కాకతీయ వంశమే ఆగిపోయింది. అయినా ఎవరూ పిరికివాడనరు, చేతకానివాడనరు. ఎందుకని?

ఎందుకంటే ఆ పేరుతో పనున్నవాళ్ళు మిగిలారు. కొన్నేళ్ళకే లేచి నిలబడిన ముసునూరి ప్రోలయ నాయకుడు తన విలస శాసనంలో ప్రతాపరుద్రుణ్ణి గొప్పగా పొగిడాడు, ఆయన పోయాక లోకం చీకటయిందన్నాడు. ఆ చీకటిని తొలగించింది నేనే అని చెప్పుకోవాలంటే ముందున్న సూర్యుడు గొప్పవాడు కావాలి కదా! తర్వాత వంద, రెండొందల ఏళ్ళ దాకా "మావాళ్ళు ఓరుగల్లులో సేనాధిపతులు" అని చెప్పుకునే వంశాలు బోలెడు. వాళ్ళందరి పరువూ ఆయన పరువుతో ముడిపడి ఉంది.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డిదీ ఇంచుమించు ఇదే కథ. 1846లో కంపెనీ మీద తిరగబడ్డాడు, ఓడిపోయాడు, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారు. తలని కోట గుమ్మానికి వేలాడదీసి 1877 దాకా ఉంచారు. జనం భయపడాలని చేసిన పని అది. ముప్పై ఏళ్ళపాటు దారిన పోయే ప్రతివాడికీ ఆయన్ని గుర్తుచేసి పెట్టింది! జనం పాటల్లోకి ఎక్కాడు, 2019లో సినిమా అయ్యాడు. స్వాతంత్ర్యం వచ్చిన దేశానికి ఆయన పేరు కావాలి, మా సీమకి ఇంకా ఎక్కువ కావాలి.

రామరాయల పేరు ఎవరికి కావాలి? మనకేమో కృష్ణదేవరాయలున్నాడు, భువనవిజయం ఉంది, తెనాలి రామకృష్ణుడి కథలున్నాయి. ఆ బొమ్మ అందంగా కనపడాలంటే దాన్ని చెడగొట్టినవాడొకడు ఉండాలి. ఏతావాతా రామరాయలకి మనం ఇచ్చిన ఉద్యోగం అది.

మూడో రకం వాళ్ళ మీద నాకు ఇంకా జాలి. "తళ్ళికోటతో విజయనగర సామ్రాజ్యం అంతమైంది" అని పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాం కదా, తప్పు. రామరాయల తమ్ముడు తిరుమలరాయలు మిగిలిన ఖజానాతో పెనుకొండ చేరాడు (2022లో జిల్లాలు విడగొట్టేదాకా అదీ మా అనంతపురం జిల్లానే). రాజధాని కూలిపోయి, సైన్యం చెదిరిపోయి ఉండగా మళ్ళీ పాలన నిలబెట్టాడు. రామరాజభూషణుడు వసుచరిత్రను అంకితమిచ్చింది ఈయనకే. ఆ తర్వాత తిరుమలరాయల కొడుకు రెండో వెంకటపతిరాయలు 1586 నుంచి 1614 దాకా, ఇరవై ఎనిమిదేళ్ళు ఏలాడు. పెనుకొండ మీదికొచ్చిన గోల్కొండ సైన్యాన్ని వెనక్కి పంపాడు. 1639లో మద్రాసు స్థలాన్ని ఇంగ్లీషువాళ్ళకిచ్చిన దామెర్ల నాయకుడు కూడా ఈ వంశపు రాజుల కిందివాడే. అంటే "అంతమైన" సామ్రాజ్యం ఇంకా డెబ్భై ఎనభై ఏళ్ళు నడిచింది. పడిపోయిన సిస్టమ్‌ని అర్ధరాత్రి లేపి, ఏళ్ళ తరబడి మెయింటెనెన్స్ చేసినవాళ్ళకి సినిమాలేవీ? రిలీజ్ చేసినవాడికి పార్టీ, క్రాష్ చేసినవాడికి తిట్లు, నడిపినవాడికి ఏమీ ఉండదు. ఇది మనకి కొత్తా?

ఎప్పుడో 450 ఏళ్ళ కిందటి ముసలాయనకి ఇప్పుడు వకాల్తా దేనికి అంటారా? మా వైపు ఈ తీర్పులు రాజులకే పరిమితం కావు కాబట్టి. వానలు నమ్ముకోలేని నేల మాది. పక్కపక్క చేలల్లో ఇద్దరు రైతులు ఒకే ఏడాది, ఒకే లోతుకి, అప్పు తెచ్చే బోరు వేస్తారు. ఒకరికి నీళ్ళు పడతాయి, ఒకరికి దుమ్ము లేస్తుంది. మా చిన్నాన్నకి మూడుసార్లు దుమ్మే లేచింది. పడినాయన గురించి "వాడు మొగోడప్పా, ధైర్యం చేసినాడు" అన్నారు. మా చిన్నాన్న గురించి "ఎర్రోడు, చెప్తే యినడు" అన్నారు. ఇద్దరూ చేసింది అదే పని, ఇద్దరూ చూపించుకుంది అదే నీళ్ళు చూసేవాడికి. నీళ్ళు పడకపోవడం ఒక నష్టం, అప్పు ఇంకో నష్టం. వీటన్నిటి మీద ఆ "ఎర్రోడు" అన్న పేరు ఉంది చూశారూ, అది మోయడం అన్నిటికంటే కష్టం. ఎండిన బోరు పక్కన అప్పుల్లో మునిగి ప్రాణాలు తీసుకున్నవాళ్ళ జిల్లా మాది. వాళ్ళలో ఎంతమంది ఆ పేరు మోయలేక పోయారో ఎవరు లెక్కేశారు?

అందుకే ఈ మధ్య ఎవరి ఓటమి గురించి చదివినా నేను రెండు ప్రశ్నలు వేసుకుంటున్నాను. ఇదే పని చేసి గెలిచినవాడు ఎవరైనా ఉన్నాడా? ఉంటే, వాణ్ణి మనం ఏమని పిలిచాం? రామరాయలకైనా, బోరు వేసిన రైతుకైనా, వచ్చే అప్రైజల్లో మీ టీమ్‌లో పేలిపోయిన మాడ్యూలు రాసిన కుర్రాడికైనా ఈ రెండూ అడిగి చూడండి. ఆ తర్వాత కూడా తిట్టాలనిపిస్తే తిట్టండి, కాదనను.