పోయినవారి మాట: వీలునామా పుట్టుపూర్వోత్తరాలు

రాజీనామా, పంచనామా, చిరునామా. ఈ వరసలో కూర్చున్న మాటే వీలునామా. పారసీలో ‘నామా’ అంటే రాతపత్రం. ముందున్న ‘వీలు’ మాత్రం మన వీలూ వాలూ కాదు. ఇంగ్లిష్ ‘విల్’ తెలుగు నోట సాగితే వచ్చిన రూపమది. తమిళులు అదే మాటను ‘ఉయిల్’ చేసుకున్నారు. ఉర్దూలో దీన్ని వసీయత్‌నామా అంటారు. తల ఇంగ్లిష్, తోక పారసీ అయిన ఈ మాట మొగలాయీ దఫ్తరాల రాత మీదికి కంపెనీ కోర్టుల చట్టం వచ్చి చేరిన కాలాన్ని గుర్తుచేస్తుంది. అచ్చమైన సంస్కృతంలో ‘మరణశాసనం’ అని కూడా రాశారు గాని, జనం నోట నిలిచింది వీలునామాయే.

మాట బయటినుంచి వచ్చింది. మరి ఆ పని? పోయిన మనిషి బాకీలు తీర్చి, ఇవ్వమన్నది ఇవ్వమన్నవారికి అప్పగించే బాధ్యత మనకు కొత్తదా? చరిత్ర చూస్తే ఆ బాధ్యత మనది, కాగితం వాళ్లది అనిపిస్తుంది.

ఉమ్మడిలో వీలునామాకు చోటేది?

తెలుగునాట వారసత్వాన్ని శతాబ్దాలపాటు నడిపింది మితాక్షర. కల్యాణిలో చాళుక్య ఆరో విక్రమాదిత్యుడి కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి రాసిన వ్యాఖ్య అది. 13వ శతాబ్దంలో, తిక్కన కాలపువాడైన కేతన దాన్ని ‘విజ్ఞానేశ్వరీయము’ పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే మన భాషలో ఆస్తి తగువులకు ధర్మశాస్త్ర గ్రంథం ఏడు వందల ఏళ్ల కిందటే ఉంది. కాని అందులో వీలునామా అనే ఆలోచన లేదు.

కారణం ఉమ్మడి కుటుంబమే. పిత్రార్జితంలో కొడుక్కి పుట్టుకతోనే హక్కు. తండ్రి పోయిన క్షణాన ఆయన వాటా బతికున్నవాళ్ల వాటాల్లో కలిసిపోతుంది. పోయాక తనది కాకుండా పోయేదాన్ని ఎవరికైనా ఎలా రాసిస్తాడు? 1874లో మద్రాసు హైకోర్టు కూడా ఈ తర్కాన్నే పట్టుకుంది. మరణంతో రెండు హక్కులు ఒకేసారి ఎదురుపడితే, ముందు నిలిచేది ఉమ్మడి సభ్యుల హక్కే, వీలునామా దాని వెనకే అంది.

అయినా విత్తనం మన స్మృతుల్లోనే ఉంది. ధర్మానికి ఇస్తానని ఒక మనిషి నలుగురికీ వినబడేలా చెప్పి, ఇవ్వకుండానే కన్నుమూస్తే, ఆ దానాన్ని కొడుకుచేత ఇప్పించాలని కాత్యాయనుడు చెప్పాడు. తండ్రి అప్పు కొడుకులూ మనవలూ తీర్చాలని యాజ్ఞవల్క్యుడు చెప్పాడు. తాగుడుకీ జూదానికీ చేసిన అప్పులకు మాత్రం ఆ కట్టుబాటు లేదన్నాడు. తలకొరివి పెట్టేవాడిని మనం ‘కర్త’ అంటాం. ఉమ్మడి కుటుంబాన్ని నడిపే పెద్దనూ కర్తే అంటాం. ఇద్దరికీ ఒకే పేరు ఉండటం ఊరికే జరగలేదు. పిండం పెట్టే చెయ్యే బాకీ తీర్చాలి, మాట నిలబెట్టాలి.

చర్చి నీడలో పెరిగిన ప్రొబేట్

ఇంగ్లండులో కథ వేరు. అక్కడ వీలునామాల పెత్తనం చాలాకాలం చర్చి కోర్టులది. చనిపోయేముందు మతగురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం, ఆస్తిలో కొంత ధర్మానికి విడవడం ఒకే సందర్భంలో జరిగేవి. అందుకని ఆ మాట నిజమో కాదో తేల్చే పనీ చర్చిదే అయింది. ‘ప్రొబేట్’ పుట్టింది ఇక్కడే. రుజువు చేయడం అనే అర్థమున్న లాటిన్ ధాతువు దానికి మూలం. ఫలానా కాగితం ఫలానా మనిషి ఆఖరి వీలునామాయే అని న్యాయస్థానం ముద్ర వేసి చెప్పడమే ప్రొబేట్. దాన్ని చేతపట్టుకుని ఆస్తిని చక్కబెట్టేవాడు ఎగ్జిక్యూటర్.

భూమిని వీలునామా ద్వారా ఇవ్వడానికి అక్కడ ఎనిమిదో హెన్రీ కాలంలో, 1540లో చట్టం వచ్చింది. 1858 నుంచి ప్రొబేట్ అధికారం చర్చి చేతినుంచి మామూలు కోర్టుకు మారింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేయాలన్న నేటి నియమం 1837 నాటి ఇంగ్లిష్ చట్టం నుంచి వచ్చిందే.

చెన్నపట్నంలో తొలి అడుగులు

1726 నాటి రాజశాసనంతో మద్రాసు మేయరు కోర్టుకు ప్రొబేట్ ఇచ్చే అధికారం దక్కింది. తెల్లదొరల ఆస్తుల కోసం పెట్టిన ఏర్పాటును పక్కనే ఉన్న దుబాసీలు, వర్తకులు గమనించారు. వారిలో పచ్చయప్ప మొదలియారు ఒకరు. పేదరికంలో పుట్టి దుబాసీగా పెద్ద సంపద గడించిన ఆయన 1794లో నలభై ఏళ్ల వయసుకే పోయారు. పోయేముందు తన సొమ్ములో ఎక్కువ భాగం గుళ్లకూ ధర్మకార్యాలకూ చెందాలని వీలునామా రాశారు. హిందువులు రాసిన వీలునామాల్లో మనకు తెలిసిన తొలివాటిలో ఇదొకటి.

కాగితం పక్కాగా ఉంది. మనుషులే నిలబడలేదు. చక్కబెట్టాల్సినవారి చేతుల్లో వ్యవహారం తెమలక కోర్టుకెక్కింది. ఏళ్లు దశాబ్దాలయ్యాయి. అడ్వకేట్ జనరల్ జార్జి నార్టన్ పట్టుబట్టి కదిలించాక, కోర్టు తీర్పుతో ఆ సొమ్ము ధర్మకర్తల మండలి చేతికి వచ్చింది. పేరుకున్న వడ్డీతో 1842లో బడి మొదలైంది. అదే పచ్చయప్ప కళాశాలగా ఎదిగింది. గణిత మేధావి రామానుజన్ కొన్నాళ్లు చదివింది అక్కడే. రాసిన మాటకూ తెరిచిన బడికీ మధ్య 48 ఏళ్లు గడిచాయి. వీలునామా చరిత్రలో నాకు అన్నిటికంటే బరువుగా తోచే అంకె ఇదే.

చెల్లదన్నారు, చెల్లుతుందన్నారు

కొత్త అలవాటు జిల్లాలకు పాకాక కంపెనీ సర్కారుకు అనుమానం పట్టుకుంది. హిందూ ధర్మశాస్త్రానికి ఒదగని వీలునామాలు చెల్లవని మద్రాసు ప్రభుత్వం 1829లో ఐదో రెగ్యులేషన్ తెచ్చింది. 1856లో మద్రాసు నుంచి వెళ్లిన అప్పీలులో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ తలుపు కొంత తెరిచింది. మగ సంతానం లేని హిందువు భార్య పోషణకు లోటు రాకుండా తన ఆస్తిని వీలునామా ద్వారా ఇవ్వవచ్చంది. 1870లో హిందూ వీలునామాల చట్టం వచ్చింది గాని, మన ప్రాంతంలో అది మద్రాసు నగరానికే పరిమితం. కోస్తా, సీమ జిల్లాల్లో నోటిమాట వీలునామా కూడా చెల్లేది. 1927 జనవరి 1 నుంచి రాసే ప్రతి హిందూ వీలునామాకూ రాత, సంతకం, ఇద్దరు సాక్షులు తప్పనిసరి అయ్యాయి.

ముస్లిం కుటుంబాల్లో అప్పటికే వేరొక పద్ధతి పాతుకుని ఉంది. ఖననం ఖర్చులూ అప్పులూ పోగా మిగిలినదాంట్లో మూడో వంతు వరకే వసీయత్ చేయవచ్చు. దాన్ని నెరవేర్చేవాడు ‘వసీ’. మాట ఇచ్చేవాడికీ నెరవేర్చేవాడికీ ఒకే ధాతువు నుంచి పేర్లు పెట్టిన సంప్రదాయమది.

పిఠాపురం వీలునామా

తెలుగు నేల నుంచి వెళ్లి దేశమంతటికీ నజీరుగా నిలిచిన వీలునామా పిఠాపురం రాజాగారిది. రాజా గంగాధర రామారావుకు సంతానం లేని రోజుల్లో దత్తత జరిగింది. తర్వాత 1885లో కుమారుడు సూర్యారావు పుట్టాడు. 1890లో రాజా కన్నుమూశారు. సంస్థానాన్ని పసివాడైన సూర్యారావుకు రాసిపోయారు. దత్తపుత్రుడు దావా వేశాడు. ముక్కలు చేయరాని జమీని ఒకరి ఇష్టం మీద రాసివ్వడం కుదురుతుందా అన్నది ప్రశ్న. కుదురుతుందని 1899లో ప్రివీ కౌన్సిల్ తేల్చింది. హిందూ న్యాయశాస్త్ర పుస్తకాల్లో నేటికీ అది ‘మొదటి పిఠాపురం కేసు’.

ఆ పిల్లవాడు మేజరయ్యేదాకా సంస్థానాన్ని మైనర్ల ఆస్తులు చూసే సర్కారు సంస్థ, కోర్ట్ ఆఫ్ వార్డ్స్, కాపాడింది. పెరిగి పెద్దయ్యాక ఆయన రఘుపతి వెంకటరత్నం నాయుడుగారి శిష్యుడై, కాకినాడ కళాశాలకూ అనాథ పిల్లల ఆశ్రమానికీ అండగా నిలిచాడు. ఆయన పేరు మీద వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు తెలుగు చదివే ప్రతివాడికీ తెలుసు. వీలునామా ఒకటి నిలబడింది, దాన్ని అప్పగించేదాకా కాచిన చేతులు కొన్ని ఉన్నాయి. అందుకే ఆ సంపద చివరికి మన పుస్తకాల అరలోకి వచ్చింది.

ఎగ్జిక్యూటర్ చేయాల్సింది

ఇప్పుడు మనకు ఆధారం 1925 నాటి భారత వారసత్వ చట్టం. అది ఎగ్జిక్యూటరుకు పెట్టిన వరస చదివితే చట్టంలోనూ తడి ఉంటుందని తెలుస్తుంది. మొదట అంత్యక్రియల ఖర్చు, చివరి నెల వైద్యం, తిండి, బస ఖర్చులు. తర్వాత కోర్టు ఖర్చులు. ఆ వెంటనే, పోయిన మనిషి దగ్గర చివరి మూడు నెలలు పనిచేసిన కూలీ, చేతిపనివాడు, ఇంటి పనిమనిషి జీతాలు. మిగతా అప్పులవాళ్లు వీళ్ల వెనకే. అప్పులన్నీ తీరాకే వారసుల వంతు. ప్రొబేట్ వచ్చిన ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఏడాదిలో జమాఖర్చులు కోర్టుకు ఇవ్వాలి. పంపకానికి తొందరపెట్టకుండా చట్టం ఎగ్జిక్యూటరుకు మరణం నుంచి ఏడాది గడువు కూడా ఇచ్చింది.

1956 హిందూ వారసత్వ చట్టం ఉమ్మడిలోని తన వాటాను కూడా వీలునామా రాసే హక్కు ఇచ్చింది. మితాక్షర మూసిన తలుపు అక్కడ తెరుచుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా ఆడపిల్లలకు పుట్టుకతోనే సమాన హక్కు వచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో అందింది. కూతురి వాటా తప్పించడానికే వీలునామా రాయడం మన ఇళ్లలో కనిపిస్తుంది. దానం కోసం పుట్టిన కాగితాన్ని తప్పించడం కోసం వాడటం దాని పుట్టుకకే మచ్చ.

మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాల్లో హిందువులకు తప్పనిసరిగా ఉన్న ప్రొబేట్‌ను 2025 చివర్లో పార్లమెంటు తొలగించింది. మన జిల్లాల్లో అది ఎప్పుడూ తప్పనిసరి కాదు. వీలునామా నేరుగా తహసీల్దారు కచేరీకీ బ్యాంకుకూ వెళుతుంది. అక్కడ జరిగే పేరు మార్పును తెలంగాణ రైతు ఫౌతి అంటాడు, విరాసత్ అంటాడు. తగువు లేనంతకాలం పని సాఫీగానే సాగుతుంది. తగువు వచ్చిన నాటికి సాక్షులిద్దరూ పోయి ఉంటే మాత్రం కాగితం మూగదవుతుంది.

అందుకే రాసేవాళ్లు కొంచెం ముందుచూపు చూడాలి. మీకంటే వయసులో చిన్నవాళ్లను సాక్షులుగా పెట్టండి. తప్పనిసరి కాకపోయినా సబ్‌రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టరు చేయించండి. అమెరికాలో ఇల్లున్నవాళ్లు అక్కడి స్థిరాస్తికి అక్కడి చట్టమే వర్తిస్తుందని గుర్తుంచుకుని, ఆ వీలునామా విడిగా రాయండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఎగ్జిక్యూటరుగా ఒక మనిషి పేరు రాయండి. దస్తావేజు లేఖరి రాసే వీలునామాల్లో ‘నా తదనంతరం’ ఎవరికి ఏం చెందాలో వివరంగా ఉంటుంది గాని, అది చెందేలా చూసేదెవరో చాలాసార్లు ఉండదు. ఆ మనిషిని కూర్చోబెట్టి, బాకీలేవో రావలసినవేవో, కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయో ముందే చెప్పండి.

పచ్చయప్ప రాత చెడలేదు, చెల్లకుండా పోలేదు. దాన్ని మోసే మనిషి దొరక్క 48 ఏళ్లు కాచుకుంది. మన భాషలో ఆ మనిషికి పేరు ఎప్పటినుంచో ఉంది: కర్త. చితి దగ్గర ఆ పేరుతో ఒకరిని నిలబెట్టడం మనం మరచిపోం. వీలునామాలో కూడా అదే శ్రద్ధతో ఒకరిని నిలబెడదాం.