ఈ.బి. చేతికి శస్త్రచికిత్స

ఎపిడెర్మోలైసిస్ బులోసా వంశపారంపర్యంగా వచ్చే పొక్కుల జబ్బు. వైద్యులు పొడిగా ఈ.బి. అంటారు. దీని తీవ్ర రూపంలో పిల్లల వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుంటాయి, అరచేతిలోకి ముడుచుకుంటాయి. క్రమంగా చెయ్యంతా చర్మపు సంచిలో బిగుసుకుపోతుంది. ఆ సంచిని విప్పి, వేళ్ళను విడదీసి, బొటనవేలిని బయటికి తెచ్చే శస్త్రచికిత్స గురించి ఈ వ్యాసం. దీనివల్ల జబ్బు నయం కాదు. పోయిన పట్టు కొన్నేళ్ళపాటు తిరిగి వస్తుంది. ఆ కొన్నేళ్ళు ఎన్ని అన్నది ఆపరేషన్ బల్ల మీద కంటే తర్వాత ఇంట్లో జరిగే కట్ల మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

జబ్బుకు ఈ పేరు పెట్టినవాడు జర్మన్ చర్మవైద్యుడు కోబ్నర్ (1886). ఇప్పుడు దీన్ని నాలుగు ప్రధాన రకాలుగా చెబుతున్నారు: సింప్లెక్స్, జంక్షనల్, డిస్ట్రోఫిక్, కిండ్లర్. చేతిని ఇంతగా దెబ్బతీసేది డిస్ట్రోఫిక్ రకం, అందులోనూ తల్లి నుంచీ తండ్రి నుంచీ చెరొక లోపభూయిష్ట జన్యువు అందినప్పుడు వచ్చే అంతర్గత రూపం. చర్మపు పైపొరను లోపలి పొరకు పట్టి ఉంచే సన్నని పోగులు ఏడో రకం కొల్లాజెన్‌తో తయారవుతాయి. దాన్ని తయారుచేసే సీఓఎల్‌7ఏ1 జన్యువు మూడో క్రోమోజోమ్ మీద ఉంది. ఈ జబ్బుకు మూలం ఆ జన్యువులోని మార్పులేనని 1993లో తేలింది. పోగులు లేకపోతే చిన్న రాపిడికే పైపొర ఊడి పొక్కు లేస్తుంది. పొక్కు లోతుగా లేస్తుంది కాబట్టి మానిన ప్రతిచోటా మచ్చ మిగులుతుంది.

చెయ్యి పాడయ్యే తీరు ఇది. పసిబిడ్డ పాకుతుంది, పట్టుకుంటుంది, నోట్లో పెట్టుకుంటుంది. ప్రతి పనికీ వేళ్ళ మీద పొక్కులు. పక్కపక్కన పచ్చిగా ఉన్న రెండు వేళ్ళ మీదుగా కొత్త చర్మం ఒకే పొరగా పాకుతుంది. వేళ్ళ నడుమ సందు కొద్దికొద్దిగా వేళ్ళ కొసల వైపు జరుగుతుంది. అరచేతి మచ్చలు బిగుసుకుని వేళ్ళను లోపలికి లాగుతాయి, బొటనవేలు అరచేతికి అంటుకుపోతుంది, గోళ్ళు రాలిపోతాయి. తీవ్ర రూపం ఉన్నవారిలో ఇరవయ్యేళ్ళు వచ్చేసరికి దాదాపు అందరి చేతులూ ఈ స్థితికి చేరతాయి. మొదట్లో లోపలి ఎముకలు, స్నాయువులు, నరాలు బాగానే ఉంటాయి. ఏళ్ళ తరబడి ముడుచుకుని ఉన్నాక అవి కూడా పొట్టివవుతాయి, కీళ్ళు బిగుస్తాయి.

కుష్ఠువ్యాధి చేతికీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. కుష్ఠులో నరం దెబ్బతిని కండరం చచ్చుబడుతుంది. అందుకే 1940ల చివర్లో వెల్లూరులో సర్జన్ పాల్ బ్రాండ్ స్నాయువును ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చే ఆపరేషన్లు మొదలుపెట్టాడు. ఈ.బి.లో మార్చాల్సిన స్నాయువంటూ ఉండదు, చిక్కు మొదలయ్యేది చర్మంలోనే. అయినా ముడుచుకున్న చేతిని చూసి ఇరుగుపొరుగు కుష్ఠు అనో, కాలిందనో అనుకోవడం మామూలే. ఈ.బి. అంటుకునే జబ్బు కాదు.

ఆంధ్రలో ఈ.బి. విషయం వచ్చినప్పుడు మేనరికం మాట ఎత్తక తప్పదు. పిఠాపురంలో పుట్టి, జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ దగ్గర శిష్యరికం చేసిన ద్రోణంరాజు కృష్ణారావు, వైద్యుడు మీరాఖాన్‌తో కలిసి 1960ల తొలినాళ్ళలోనే ఆంధ్రలో రక్తసంబంధపు పెళ్ళిళ్ళ మీద పరిశోధన వ్యాసాలు ప్రచురించారు. లెక్క సులువు. మేనమామ, మేనకోడలు పెళ్ళి చేసుకుంటే, బిడ్డకు ఏ జన్యువైనా రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి అందే అవకాశం ఎనిమిదింట ఒకటి. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్ళయితే పదహారింట ఒకటి. అరుదైన అంతర్గత జబ్బులకు ఇది దారి తెరుస్తుంది. అలాగని మేనరికం చేసుకున్న ప్రతి ఇంటా జబ్బు రాదు, చేసుకోని ఇళ్ళలోనూ వస్తుంది. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ ప్రమాదం నాలుగింట ఒకటి. మొదటి బిడ్డకు వచ్చింది కదా, ఇక రెండో బిడ్డకు రాదులే అన్న ధీమాకు ఆధారం లేదు.

విశాఖపట్నంలో ఇలాంటి బిడ్డను తీసుకెళ్ళే పెద్ద ప్రభుత్వాసుపత్రి కింగ్ జార్జ్ ఆసుపత్రి, అంటే కేజీహెచ్. 1923లో మొదలైన ఆంధ్ర వైద్య కళాశాలకు ఇది బోధనాసుపత్రి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచీ, పాడేరు మన్యం నుంచీ, ఒడిశా సరిహద్దు నుంచీ రోగులు ఇక్కడికే వస్తారు. ఈ జబ్బులో చర్మవైద్యుడు, ప్లాస్టిక్ సర్జన్, మత్తు వైద్యుడు, పిల్లల వైద్యుడు కూర్చుని ఒకే మాట మీదికి రావాలి కాబట్టి బోధనాసుపత్రి నయం. జన్యు నిర్ధారణకు హైదరాబాద్ దారి ఉంది. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం అక్కడి డీఎన్ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీని, నిమ్స్ ఆసుపత్రిని కలిపి ఒక ఉత్కృష్ట కేంద్రంగా గుర్తించింది.

ఆపరేషన్ ఎప్పుడు చేయాలన్నదానికి ఫలానా వయసని లేదు. బిడ్డ ఏం చేయలేకపోతోందో చూసి నిర్ణయిస్తారు: పెన్ను పట్టలేకపోవడం, బొత్తాం పెట్టుకోలేకపోవడం, అన్నం కలుపుకోలేకపోవడం. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిటికెడు పట్టు పోవడం అన్నిటికంటే పెద్ద కారణం. కీళ్ళు పూర్తిగా బిగియకముందు చేస్తే ఫలితం మెరుగు. మామూలుగా ఒక్కో చేతికి విడివిడిగా చేస్తారు, రెండో చెయ్యి అవసరాలకు మిగలాలి కదా. ముందుగా రక్తహీనత సరిచేయాలి. అన్నవాహికలోనూ మచ్చలు పడి సరిగా మింగలేని ఈ పిల్లలు బక్కచిక్కి ఉంటారు, పోషణ లేని ఒంట్లో గాయం మానదు.

మత్తు ఇవ్వడం ఆపరేషన్ అంత కష్టం. నోరు చిన్నది, నాలుక కదలదు, మెడ బిగుసుకుని ఉండవచ్చు. అతికే ప్లాస్టర్ ఏదీ ఒంటికి తగలకూడదు, ఊడదీస్తే చర్మమూ దానితోనే వస్తుంది. సెలైన్ సూదిని గుడ్డ పట్టీతో కట్టి నిలుపుతారు, బీపీ పట్టీ కింద మెత్తని దూది చుడతారు, బిడ్డను బల్ల మీద జరపకుండా ఎత్తి మారుస్తారు.

చేతిని కప్పిన గట్టి పొరను తొడుగు విప్పినట్టు ఒలిచేస్తే వేళ్ళ మధ్య అతుకులు చాలావరకు మెల్లగా విడిపోతాయి. బిగుసుకున్న మచ్చలను మాత్రం కోయాలి. బొటనవేలి సందును వీలైనంత వెడల్పు చేస్తారు. వేళ్ళను పూర్తిగా నిటారు చేయాలన్న పట్టుదల ఇక్కడ ప్రమాదం. పొట్టివైన రక్తనాళాలు సాగి వేలికి రక్తం అందకపోవచ్చు. అందుకే వంపు కొంత మిగిలినా అనుభవమున్న సర్జన్ అక్కడితో ఆగుతాడు. వేళ్ళను నిలిపేందుకు సన్నని ఉక్కు తీగలు గుచ్చడం ఒక పద్ధతి. ఎముకలు పలచబడి ఉంటాయి కాబట్టి కొందరు దాన్ని మానేసి బయటి నుంచి ఆనించే స్ప్లింట్ మీదే ఆధారపడతారు. పచ్చిగా మిగిలిన చోట తొడ నుంచో గజ్జ నుంచో చర్మం తెచ్చి వేయడం, అంటుకోని కట్టు కింద దానంతట అదే మాననివ్వడం, రెండు పద్ధతులూ ఉన్నాయి. తెచ్చి వేసిన చర్మమూ అదే బిడ్డది, అందులోనూ అదే లోపం ఉంటుంది. పైగా తీసిన చోట మరో గాయం.

మొదటి కట్టును చాలాచోట్ల మళ్ళీ మత్తులోనే మారుస్తారు. ఆ తర్వాత పని తల్లిదండ్రులది. వాసెలిన్ గుడ్డతో ఒక్కో వేలినీ విడిగా చుట్టి, వేళ్ళ సందుల్లోకి పట్టీ నొక్కి పెట్టాలి, పైన మెత్తని తొడుగు వేయాలి. రాత్రిపూట స్ప్లింట్ ఉండాలి, అది నెలల తరబడి కాదు, ఏళ్ళ తరబడి. చెయ్యి మారేకొద్దీ స్ప్లింట్ కొత్తది చేయాలి, అంటే థెరపిస్టు అందుబాటులో ఉండాలి. పాడేరు కొండల్లోని కుటుంబానికి విశాఖ రావడం ఒక రోజు కూలి పోగొట్టుకోవడమే. సముద్రపు ఉక్కలో కట్టు కింద చెమట పట్టి పొక్కులు పెరుగుతాయి, వేసవిలో పిల్లలు స్ప్లింట్ పీకి పారేస్తారు. ఆపరేషన్ ఖర్చు గురించి అందరూ అడుగుతారు, అంటుకోని కట్ల నెలవారీ ఖర్చు గురించి ముందే చెప్పేవారు తక్కువ. కాలిన గాయాలకు మన ఆసుపత్రుల్లో శుభ్రపరిచిన అరటి ఆకును వాడిన అనుభవం ఉంది. గాయానికి అంటుకోని చౌక వస్తువుగా దాన్ని ఇక్కడా ఆలోచించవచ్చు.

ఎంత జాగ్రత్త పడ్డా వేళ్ళు మళ్ళీ ముడుచుకుంటాయి. సాధారణంగా రెండు నుంచి అయిదేళ్ళలో వంపు తిరిగి కనిపిస్తుంది, రెండో ఆపరేషన్, మూడో ఆపరేషన్ అరుదేమీ కాదు. పెద్దయ్యాక చేతి మీద మానని పుండు ఉంటే దాని ముక్క తీసి పరీక్షించాలి. తీవ్ర రూపంలో స్క్వామస్ సెల్ క్యాన్సర్ చిన్న వయసులోనే వస్తుంది, ప్రాణాలు తీసేదీ ఎక్కువగా అదే.

అమెరికాలో 2023 మేలో వైజువెక్ అనే జన్యు జెల్‌కు, 2025 ఏప్రిల్‌లో జన్యువు సరిచేసిన సొంత చర్మపు పొరలకు అనుమతి వచ్చింది. రెండూ పచ్చి గాయాలను మాన్పడానికే. ముడుచుకుపోయిన వేలిని అవి విప్పలేవు, ధర కూడా సామాన్యుడికి అందేది కాదు.

వేళ్ళు మూసుకుపోయిన బిడ్డకు ఆధార్ వేలిముద్ర పడదు. అలాంటివారిని కంటిపాప గుర్తుతో నమోదు చేయాలని కేంద్రం 2023 డిసెంబరులో స్పష్టం చేసింది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కింద అదనపు ప్రయోజనాలు దక్కుతాయి, దానికి సదరం శిబిరంలో ధ్రువపత్రం తీసుకోవాలి. రాయలేని చేతికి పరీక్షలో సహాయకుడిని అడగడానికి పనికొచ్చే కాగితమూ అదే.