శాట్ మూల్యాంకన దోషం (2005)

2005 అక్టోబర్ 8న అమెరికాలో జరిగిన కాలేజీ ప్రవేశ పరీక్ష శాట్‌లో 4,411 మంది విద్యార్థులకు రావలసిన స్కోరు కన్నా తక్కువ వచ్చింది. ఆ రోజు పరీక్ష రాసినవారు సుమారు 4,95,000 మంది. వారిలో కొందరి జవాబు పత్రాలను యంత్రం సరిగా చదవలేకపోవడమే దీనికి కారణం. తప్పు బయటపడి విద్యార్థులకు కబురు అందేసరికి 2006 మార్చి వచ్చింది. అప్పటికే ఆ ఏటి కాలేజీ ప్రవేశాలు చివరి దశకు చేరాయి.

పరీక్ష, యంత్రం

శాట్‌ను నిర్వహించేది కాలేజ్ బోర్డ్ అనే లాభాపేక్ష లేని సంస్థ. 2005 మార్చిలోనే పరీక్ష స్వరూపం మారింది. వ్యాసరచన కొత్తగా చేరింది, గరిష్ఠ స్కోరు 1600 నుంచి 2400కు పెరిగింది. జవాబు పత్రాలను స్కాన్ చేసే కాంట్రాక్టు పియర్సన్ ఎడ్యుకేషనల్ మెజర్‌మెంట్ చేతిలో ఉండేది. ఆ పని టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్‌లో జరిగేది.

ఓఎంఆర్ షీటు అంచున వరుసగా నల్లటి గీతలుంటాయి. యంత్రం వాటిని ఆనవాలుగా పెట్టుకుని ఏ ప్రశ్న వృత్తం ఎక్కడుండాలో లెక్కగట్టి, అక్కడ మాత్రమే నలుపు కోసం వెతుకుతుంది. కాగితం చెమ్మ పీల్చి కాస్త సాగిందంటే వృత్తం ఉండాల్సిన చోటు నుంచి పక్కకు జరుగుతుంది. విద్యార్థి పెన్సిల్‌తో పలచగా దిద్ది ఉంటే యంత్రానికి అది ఖాళీగానే కనిపిస్తుంది. పియర్సన్ చెప్పిన కారణాలు ఈ రెండే: కాగితంలో మామూలుకు మించిన తేమ, పలచగానో సగం సగంగానో దిద్దిన వృత్తాలు. పరీక్ష జరిగిన రోజుల్లో ఈశాన్య రాష్ట్రాలను భారీ వర్షాలు ముంచెత్తాయి.

ఆరు వందల మందికి పైగా విద్యార్థులకు దీనివల్ల స్కోరు పెరిగింది కూడా. అప్పటి శాట్‌లో బహుళైచ్ఛిక ప్రశ్నకు ఒప్పు జవాబుకు ఒక మార్కు, తప్పుకు పావు మార్కు కోత, వదిలేస్తే సున్న. ఒప్పు జవాబు యంత్రం కంటపడకపోతే మార్కు పోతుంది. తప్పు జవాబు కంటపడకపోతే కోత తప్పుతుంది. నష్టపోయినవారు అన్ని రెట్లు ఎక్కువగా ఉండటం ఈ లెక్కకు సరిపోతుంది.

ఎలా బయటపడింది

ఈ దోషాన్ని సంస్థల తనిఖీలు పట్టుకోలేదు. తమ స్కోరు మీద అనుమానం వచ్చిన ఇద్దరు విద్యార్థులు 2005 డిసెంబర్ చివర్లో తమ పత్రాలను చేత్తో దిద్దించమని కోరారు. యంత్రం ఇచ్చిన స్కోరు, మనిషి వేసిన స్కోరు కలవలేదు. దాంతో విచారణ మొదలైంది.

2006 మార్చిలో కాలేజ్ బోర్డ్ మొదట ప్రకటించిన సంఖ్య సుమారు 4,000. కొద్ది రోజులకే, మళ్లీ చూడని పత్రాలు మరో 1,600 ఉన్నాయని తేలింది. ఆ తర్వాత ఇంకో 27,000 పత్రాలను తిరిగి స్కాన్ చేయలేదని తెలిసింది. వాటిలోనూ 375 మంది బాధితులు కనిపించారు. చాలామందికి తేడా 100 లోపే ఉన్నా, కొందరు అంతకు మించి కోల్పోయారు. అత్యధిక నష్టం 450. తప్పు జరగడం కన్నా, దాని మేర ఎంతో నిర్వాహకులకే తెలియకపోవడం వారి మీద నమ్మకాన్ని ఎక్కువగా దెబ్బతీసిందని చెప్పాలి.

ప్రవేశాలపై ప్రభావం

ముందస్తు దరఖాస్తుల మీద నిర్ణయాలు డిసెంబర్‌లోనే వెలువడ్డాయి. మిగతావారికి ఉత్తరాలు ఏప్రిల్ నాటికి వెళ్లాలి. సవరించిన స్కోర్లు అందాక కొన్ని కాలేజీలు తిరస్కరించిన దరఖాస్తులను మళ్లీ తెరిచి చూశాయి. కనీస స్కోరుతో ముడిపడిన స్కాలర్‌షిప్పులనూ తిరిగి పరిశీలించాల్సి వచ్చింది.

ఏ లెక్కకూ అందని నష్టం మరొకటి ఉంది. అమెరికాలో విద్యార్థులు ముందు స్కోరు చూసుకుని, దాన్నిబట్టి ఏ కాలేజీలకు దరఖాస్తు పెట్టాలో నిర్ణయించుకుంటారు. చాలా కాలేజీలకు గడువు జనవరి మొదటి వారంతోనే ముగుస్తుంది. తక్కువ స్కోరు చూసి, ఇక ఆ కాలేజీ మనకు రాదులే అని దరఖాస్తే పెట్టని పిల్లలకు మార్చిలో వచ్చిన సవరణ దేనికి పనికొస్తుంది? వారి ఫైలు తిరగదోడటానికి అక్కడ ఫైలంటూ ఉండదు.

పొరపాటున స్కోరు పెరిగినవారి జోలికి కాలేజ్ బోర్డ్ వెళ్లలేదు. తమవల్ల జరిగిన తప్పుకు విద్యార్థిని శిక్షించకూడదన్నది ఆ నిర్ణయం వెనుక ఉద్దేశం. అది మానవీయమైనదే. కానీ సీట్లు పరిమితం కాబట్టి, ఆ భారం ఎవరో ఒక తెలియని విద్యార్థి మీద పడి ఉంటుందన్న మాటా కాదనలేం.

విద్యార్థులు వేసిన దావా 2007లో 28.5 లక్షల డాలర్ల పరిహారంతో రాజీ అయింది. నష్టాన్ని నిరూపించనక్కర లేకుండా 275 డాలర్లు తీసుకోవచ్చు, అంతకు మించి నష్టపోయామనుకున్నవారు వివరాలతో కోరవచ్చు. ఇకపై ప్రతి పత్రాన్నీ రెండుసార్లు స్కాన్ చేస్తామని, స్కానింగ్‌కు ముందు కాగితాలను గది వాతావరణానికి అలవాటు పడనిస్తామని నిర్వాహకులు ప్రకటించారు.

పూర్వాపరాలు

పావు శతాబ్దం ముందు ఇలాగే ఒక విద్యార్థి పరీక్షా సంస్థను తప్పు ఒప్పుకునేలా చేశాడు. శాట్‌కు సన్నాహక పరీక్ష అయిన పీశాట్‌లో 1980లో ఒక జ్యామితి ప్రశ్న ఇచ్చారు. ఒకటి త్రిభుజాకార పునాది గల పిరమిడ్, రెండోది చతురస్రాకార పునాది గలది, అంచులన్నీ సమానం. ఒక్కో త్రిభుజ ముఖాన్ని ఆనించి వాటిని అతికిస్తే, బయటికి ఎన్ని ముఖాలు కనిపిస్తాయి? నాలుగూ అయిదూ తొమ్మిది, అతుకులో పోయినవి రెండు, మిగిలేవి ఏడు అన్నది సంస్థ కీ. ఫ్లోరిడాకు చెందిన ఒక కుర్రాడు అయిదు అని గుర్తించాడు. అతికించాక పక్కపక్క ముఖాలు రెండు జతలు ఒకే తలంలోకి వచ్చి కలిసిపోతాయి, కాబట్టి అతను చెప్పిందే నిజం. 1981లో సుమారు 2,40,000 మంది స్కోర్లను సవరించాల్సి వచ్చింది. ప్రశ్నలూ జవాబులూ పరీక్ష రాసినవారికి చూపాలన్న న్యూయార్క్ రాష్ట్ర చట్టం 1980లో అమల్లోకి రావడం నాటి వాతావరణాన్ని మార్చింది.

మన దేశంలో, జవాబు పత్రం చూసుకునే హక్కు సమాచార హక్కు చట్టం కింద విద్యార్థికి ఉందని సుప్రీంకోర్టు 2011లో తేల్చింది. తెలంగాణలో 2019 ఇంటర్ ఫలితాల్లో భారీగా తప్పులు దొర్లాయి. ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫెయిలైనవారి పత్రాలన్నిటినీ ఉచితంగా తిరిగి పరిశీలించగా వెయ్యి మందికి పైగా పాసయ్యారు. అప్పట్లో ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది కనుక, ఆ తప్పుల ప్రభావం ఇంజనీరింగ్ సీట్ల దాకా పాకేదే.

2024 నీట్‌లో చిక్కు కీ దగ్గర వచ్చింది. పరమాణువు మీద అడిగిన ఒక భౌతికశాస్త్ర ప్రశ్నకు పాత పాఠ్యపుస్తకాన్ని బట్టి మరో జవాబునూ ఒప్పుగా అంగీకరించారు. సుప్రీంకోర్టు ఆదేశంతో ఐఐటీ ఢిల్లీ నిపుణులు ముగ్గురు చూసి, ఒక్కటే సరైన జవాబన్నారు. నాలుగు లక్షల మందికి పైగా విద్యార్థులకు అయిదేసి మార్కులు తగ్గాయి. 720కి 720 తెచ్చుకున్నవారు 61 నుంచి 17కు దిగారు. సవరించిన ఫలితాలు జులై 26న వచ్చాయి. అఖిల భారత కౌన్సెలింగ్ ఆగస్టులో మొదలైంది కాబట్టి, ఈ సవరణ సీట్ల కేటాయింపుకు ముందే జరిగింది.